పల్లెలలో పరపతి సంఘములు

ఆంధ్రదేశపు పల్లెలకు కలసి పనిచేయుట క్రొత్త విద్య కాదు. చెరువు గల ప్రతి గ్రామమునకును దాని మంచిచెడ్డలు చూచుకొను కట్టుబాటొకటి ఉండెడిది. రాయలసీమలో చెరువు త్రవ్వించినవారికిని, దానిని చెడిపోకుండ కాపాడువారికిని దశబంధము అను పేర మాన్యములిచ్చుట విజయనగర ప్రభువుల నాటి శాసనములలోనే కనబడును. కాలువ పూడిక తీయుటకును, కట్టపై మట్టి పోయుటకును రైతులందఱు పలుగు పార పట్టి కదలివచ్చు ఆచారమునకు కుడిమరామతు అని పేరు. అది సడలిపోవుచున్నదని తలచి ఇంగ్లీషు దొరతనమువారు 1858లో మద్రాసు రాజధానియందు దానికై ఒక చట్టమునే చేసిరి. ఇక నాట్ల దినములలో ఒకరి మడికొకరు బదులు పోవుట, ఇల్లు కాలినవానికి ఊరివారు వాసములును తాటాకులును తెచ్చి కప్పి యిచ్చుట మొదలైనవి ఏ చట్టమునకును ఎక్కని మర్యాదలు.

ఇన్నిటికి కలసివచ్చిన ఊరు ఒక్క విషయమున మాత్రము కలసిరాలేదు. చెరువు ఊరందఱిది; అప్పు మాత్రము ఎవరిది వారిదే. షావుకారు అరుగుమీద రైతు ఒంటరిగనే కూర్చుండెను, ఒంటరిగనే వ్రేలిముద్ర వేసెను, పొలము వేలమునకు వచ్చిన నాడు ఒంటరిగనే తలవంచుకొని ఇంటికి మరలెను. ఈ ఒంటరితనము తొలగుటకు పల్లెలు చేసిన ప్రయత్నమే పరపతి సంఘముల చరిత్ర. అది గెలుపుల చరిత్ర మాత్రమే కాదు. ఒకచోట నిలిచిన సంఘము మఱియొకచోట ఏల కూలెనో విచారింపకున్నచో ఆ చరిత్ర సగమే తెలిసినట్లగును.

పూర్వము అప్పు లేదని కాదు. రైతు విత్తనములకు, తిండిగింజలకు మోతుబరి గాదె దగ్గరకు పోవుట ఎప్పటినుండియో ఉన్నదే. తెలంగాణములో దానిని నాగు అందురు. పుట్టి తెచ్చినవాడు పంట రాగానే పుట్టిన్నర కొలువవలసి వచ్చెడిది. అయినను పంతొమ్మిదవ శతాబ్దమున అప్పు స్వరూపము మారినది. శిస్తు రొక్కముగా, నిర్ణీతమైన కిస్తులలో చెల్లింపవలసి వచ్చెను. కళ్ళములో ధాన్యము రాశి పడిన నాడే ధర అన్నిటికంటె తక్కువ. ఆ నాడే కిస్తు గడువు. భూమికి విలువ హెచ్చుటతో దానిని తాకట్టు పట్టుటకు ఋణదాతకు ఆశ కలిగెను. 1859 నాటి కాలపరిమితి చట్టము వలన మూడేండ్లు దాటిన సామాన్యపు నోటు చెల్లదనిరి. రైతు మేలు కోరి చేసిన ఆ నియమమే వానికి ఉరి యయ్యెను. మూడేండ్లకొకసారి వడ్డీని అసలులో కలిపి క్రొత్త నోటు వ్రాయించుకొనుట షావుకారులకు అలవాటైనది. వ్రాసినది ఏమో రైతునకు తెలియదు. చదివి వినిపించువాడు షావుకారు గుమాస్తాయే.

1875 మే నెలలో పూనా జిల్లా సూపా గ్రామమున ఈ పుండు పగిలెను. అచ్చటను, అహమ్మదునగరు జిల్లాలోను రైతులు గుంపులుగా షావుకారుల ఇండ్లమీదికి పోయిరి. వారు చాలచోట్ల అడిగినది ధనమును కాదు, కాగితములను. నోట్లును దస్తావేజులును వీధిలో పోసి తగులబెట్టిరి. చదువరాని రైతు తన శత్రువు ఎక్కడ దాగియున్నాడో సరిగానే గుర్తించెనని అనవలెను. ప్రభుత్వము విచారణ సంఘమును వేసి, 1879లో దక్కను వ్యవసాయదారుల కొరకు ఒక ప్రత్యేక చట్టము చేసెను. 1883, 1884 సంవత్సరములలో బావులకు, ఎద్దులకు, విత్తనములకు ప్రభుత్వమే నేరుగా తక్కావి అప్పులిచ్చుటకు రెండు చట్టములు వచ్చెను. కాని తక్కావి కొరకు తిరుగునంతలో అదను దాటిపోయెడిది. కరణము మొదలు తాలూకా కచేరీ వరకు ఎన్ని గడపలు ఎక్కవలెనో పల్లెటూరివారికి చెప్పనక్కఱలేదు. షావుకారు వడ్డీ ఎక్కువైనను అర్ధరాత్రి తలుపు తట్టినను లేచి ఇచ్చును. ఈ సంగతి మఱచిన పథకమేదియు పల్లెలో నిలువలేదు.

ఈ చిక్కు విప్పు మార్గము వెదకుమని మద్రాసు ప్రభుత్వము 1892లో ఫ్రెడరిక్ నికల్సన్ అను అధికారిని నియమించెను. ఆయన జిల్లా కలెక్టరుగా పనిచేసి పల్లెల స్థితి ఎఱిగినవాడు. ఐరోపాలోని రైతు బ్యాంకులను పరిశీలించి, ఇచ్చటి నిధులను కూడ గమనించి, 1895లోను 1897లోను రెండు సంపుటముల నివేదిక సమర్పించెను. నిధి యనునది మద్రాసు ప్రాంతపు మధ్యతరగతివారు నెలనెల కొంత దాచుకొని తమలో తాము అప్పిచ్చుకొనుటకు ఏర్పరచుకొన్న సంస్థ. దక్షిణ దేశీయులకు కలసి పొదుపు చేయు బుద్ధి లేకపోలేదనుటకు నికల్సన్ దానినే సాక్ష్యముగా చూపెను. అయితే నిధులు పట్టణములు దాటి రాలేదు. అంత పెద్ద నివేదికలోని సారమునంతయు ఆయన చివరకు ఒక్క మనిషి పేరిట కుదించెను: ప్రతి చోటను ఒక రైఫైజనును వెదకి పట్టుకొనవలయునని.

ఈ రైఫైజను జర్మనీ దేశీయుడు. 1818లో జన్మించెను. యౌవనముననే రైనునది ప్రాంతపు కొండపల్లెలలో ఒకటైన వేయర్‌బుష్‌నకు గ్రామాధికారిగా వచ్చెను. 1846–47 చలికాలమున ఆ సీమలో పంటలు పోయి కఱవు వచ్చెను. ప్రభుత్వము పిండి పంపినది గాని రొక్కమునకే అమ్మవలెనని ఆజ్ఞ పెట్టెను. రొక్కమున్నవానికి కఱవెక్కడిది? రైఫైజను ఆ ఆజ్ఞను ప్రక్కన పెట్టి, పిండిని అరువుగా పంచి, ఊరిలోని స్థితిపరులచే కొంత ధనము వేయించి ఒక సంఘము కట్టెను. ఊరుమ్మడి పొయ్యి కట్టించి రొట్టె కాల్పించెను. బజారు ధరలో సగమునకే పేదవానికి రొట్టె దొరకినది.

తరువాత ఆయన ఫ్లామర్స్‌ఫెల్డ్‌నకు మారెను. అచ్చట పశువుల వ్యాపారులు రైతులను పీడించుచుండిరి. 1849లో అఱువదిమంది ధనికులను పూచీదారులుగా నిలిపి, పశువులను కొని, రైతులకు వాయిదాలమీద ఇచ్చు సంఘమును పెట్టెను. ఇది కూడ మంచిపనియే. కాని కొన్ని ఏండ్లు గడచునప్పటికి పూచీపడిన ధనికులకు ఉత్సాహము తగ్గెను. అప్పు పుచ్చుకొనువాడు ఒకడు, పూచీ పడువాడు వేఱొకడు అయినచో ఆ సంఘము ఎక్కువకాలము బ్రదుకదని రైఫైజనునకు అనుభవముచేత తెలిసినది. ఈ ఒక్క మాట తెలియుటకు ఆయనకు పదునేనేండ్లు పట్టెను. 1864లో హెడ్డెస్‌డోర్ఫ్ గ్రామమున ఆయన మార్చి కట్టిన అప్పుల సంఘములో అవసరమున్నవారే సభ్యులు, వారే పూచీదారులు. దయకు అందులో చోటు లేదు. 1866లో ఈ పద్ధతిని వివరించుచు పుస్తకము వ్రాసెను. అప్పటికే చూపు దాదాపు పోయినది. ఆయన చెప్పుచుండగా కుమార్తె అమాలియా వ్రాసిపెట్టెడిది.

ఆయన పెట్టిన నియమములు పల్లెటూరి బుద్ధికి సులభముగా అందునవి. సంఘము ఒక్క ఊరికి మించరాదు. ఎవరు ఎట్టివారో ఒకరికొకరు తెలిసియుండవలెను. అప్పు పంట పెంచు పనికే ఇవ్వవలెను. లెక్కలు వ్రాయువానికి తప్ప ఎవరికిని జీతము లేదు. లాభము పంచుకొనక నిల్వనిధిలో వేయవలెను. అన్నిటికంటె గట్టిది అపరిమిత బాధ్యత: ఒకడు ఎగవేసినచో తక్కినవారందఱు తమ ఆస్తితో చెల్లింపవలసినదే. వినుటకు ఇది భయంకరముగా తోచును. కాని దీనివలననే ఎకరమో అర యెకరమో ఉన్న రైతుల మాటకు బయటి బ్యాంకులో విలువ వచ్చెను. పొరుగువాడు ఎద్దులకని అప్పు తీసికొని పెండ్లికి ఖర్చు పెట్టుచున్నాడేమో యని ప్రతివాడును ఒక కన్ను వేసియుంచుటకు కూడ అదియే కారణమైనది.

నికల్సన్ సూచన వెంటనే ఫలింపలేదు. 1901లో ఎడ్వర్డ్ లా అధ్యక్షతను ఒక సంఘము కూర్చుండి ఆలోచించిన పిమ్మట, 1904 మార్చి 25వ తేదీన సహకార పరపతి సంఘముల చట్టము వెలువడెను. ఒకే ఊరివారు గాని, ఒకే తెగవారు గాని పదిమంది పెద్దలు కలసి దరఖాస్తు పెట్టుకొన్నచో సంఘము రిజిస్టరగును. గ్రామ సంఘములకు అపరిమిత బాధ్యతయే నియమము. ఆ యేడే చెంగల్పట్టు జిల్లా తిరూరులో సంఘము వెలసినది. 1905లో గదగు దగ్గఱి కనగినహాళమున బొంబాయి రాజధానికి తొలి సంఘము ఏర్పడినది. మద్రాసు నగరమున కేంద్ర బ్యాంకు కూడ 1905లోనే తెఱచిరి. 1912లో చట్టమును విస్తరించి, అమ్మకపు సంఘములకును, నేతపనివారి సంఘములకును, జిల్లా బ్యాంకులకును చోటు కల్పించిరి. నిజాము రాష్ట్రమున సహకార చట్టము 1914లో వచ్చినది.

తెలుగు జిల్లాల గ్రామ సంఘము ఎట్లుండెనో కొంత చెప్పవలెను. దాని కార్యవర్గమును పంచాయతి యనియు, సభ్యులను పంచాయతీదారులనియు పిలిచెడివారు. కచేరీ యనగా సాధారణముగా అధ్యక్షుని వీధి అరుగు. ఒక చెక్కపెట్టె, చిట్టా, ఆవర్జా, తీర్మానముల పుస్తకము, అంతియే సామాను. జిల్లా బ్యాంకు వద్ద సంఘము అప్పు తెచ్చి సభ్యులకు ఇచ్చెడిది. మద్రాసు రాజధానిలో పలు సంఘములు పుచ్చుకొన్న వడ్డీ నెలకు రూపాయికి ఒకటిన్నర పై. నాడు రూపాయికి 192 పైలు గనుక, ఇది సాలుకు నూటికి తొమ్మిది రూపాయల ఆఱణాలు. ఊరిలో రూపాయి వడ్డీ యనగా సాలుకు 12, రెండు రూపాయల వడ్డీ యనగా 24. సంఘము పుట్టిన ఊరిలో, అందులో చేరనివానికి కూడ షావుకారు వడ్డీ తగ్గించుట కద్దు. సంఘముల మేలులలో లెక్కకెక్కని మేలు ఇది.

అయితే ఈ మేలు ఎవరి గడప వఱకు పోయినది? భూమి లేనివాడు పూచీకి పనికిరాడనిరి. అపరిమిత బాధ్యత గల సంఘములో ఏమియు లేనివానిని చేర్చుకొనుటకు ఉన్నవాడు వెనుదీయుట సహజమే. సహజమైనంత మాత్రాన న్యాయము కాలేదు. కౌలుదారులును, కూలివారును చాలకాలము అరుగు క్రిందనే నిలిచిపోయిరి. 1920 తరువాత మద్రాసు లేబరు శాఖవారు కృష్ణా గోదావరి ప్రాంతములలో ఆదిఆంధ్రుల చేత ప్రత్యేక సంఘములు పెట్టించి, ఇండ్ల స్థలములు కొనుటకు అప్పులిచ్చి, వాయిదాలమీద రాబట్టుకొనిరి. కామందు పొలములో గుడిసె వేసికొన్నవాడు కామందు మాటకు ఎదురాడలేడు. స్వంత స్థలమనగా ఆ కుటుంబములకు నాలుగు గజముల నేల మాత్రమే కాదు.

సంఘములకు పట్టిన తొలి చీడ ధనలోపము కాదు, చదువు లేమి. 1912 చట్టములో ఒక చక్కని నియమము కలదు. ప్రతి సంఘమును చట్టము ప్రతిని, తన నిబంధనల ప్రతిని కచేరీలో ఉంచి, అడిగినవారికి రుసుము లేక చూపవలెను. చూపుటకు అభ్యంతరమేమి? చూచి చదువగలవాడు ఉండవలెను గదా! 1911 జనాభా లెక్కల నాటికి మద్రాసు రాజధానిలో చదువను వ్రాయను వచ్చినవారు నూటికి పదిమంది లేరు. స్త్రీల సంగతి చెప్పనే అక్కఱలేదు. ఎనుబదిమంది సభ్యులు గల సంఘములో ఆవర్జా చదువగలవారు కరణము, బడిపంతులు, ఇంకొకరిద్దఱు. తాను ఎంత పుచ్చుకొనెనో, ఎంత చెల్లించెనో, తన పేర మఱియెవరైన పుచ్చుకొనిరేమో సభ్యునికి తెలియదు. బేనామీ అప్పులు ఇట్లే పుట్టెను. షావుకారు గుమాస్తా చదివి వినిపించిన నోటునకును, కార్యదర్శి చదివి వినిపించిన పద్దునకును వ్రేలిముద్ర వేయువానికి భేదమేమి కనబడును?

నిజాయితీగల కార్యదర్శులును అనేకులు ఉండిరి. జీతము లేక, కిరసనాయిలు దీపము ముందు అర్ధరాత్రి వఱకు పద్దులు సరిచూచిన బడిపంతుళ్ళ శ్రమ ఏ నివేదికకును ఎక్కలేదు. కాని ఒక్కని నిజాయితీ మీద నిలిచిన సంఘము ఆ ఒక్కడు ఊరు మారినంతనే ఒరగిపోవును. రైఫైజను కోరినది సభ్యుల కన్ను. ఆ కన్ను తెఱచుకొననిదే ఆయన నియమములన్నియు కాగితముమీదనే ఉండిపోయినవి.

1929లో మొదలైన ఆర్థిక మాంద్యము ఈ బలహీనతను బయటపెట్టెను. ధాన్యము ధర సగమునకు పడిపోయినది. అప్పు రూపాయలలో ఉన్నది, రూపాయి సంపాదించుటకు మునుపటికంటె రెట్టింపు ధాన్యము అమ్మవలెను. వసూళ్ళు నిలిచిపోయెను. తనిఖీదారు వచ్చునాటికి పాత అప్పు చెల్లినట్లును, ఆ దినముననే క్రొత్త అప్పు ఇచ్చినట్లును వ్రాసిపెట్టు కాగితపు సర్దుబాట్లు వ్యాపించెను. పైసా చేతులు మారదు. పుస్తకములో మాత్రము వసూలు కళకళలాడుచుండును. చివరకు అనేక సంఘములు ఎత్తివేతకు వచ్చినవి. అపరిమిత బాధ్యతకు అర్థమేమో సభ్యులకు అప్పుడు తెలిసెను. సక్రమముగా చెల్లించినవాని ఇంటికి కూడ జప్తు నోటీసు పోయిన ఊళ్ళలో సహకారమను మాట చాలకాలము చేదుగా ఉండుటలో వింత లేదు.

ఆ కాలమున వి. రామదాసు పంతులు మద్రాసు రాజధాని సహకార బ్యాంకునకు అధ్యక్షులుగా ఉండి, ఉద్యమమును అధికారుల చేతినుండి ప్రజల చేతికి తేవలయునని కౌన్సిల్ ఆఫ్ స్టేట్ యందును బయటను వాదించిరి. దీర్ఘకాలపు అప్పులకు వేఱు ఏర్పాటు కావలెనని తలచి 1929లోనే మద్రాసులో కేంద్ర భూమి తనఖా బ్యాంకు స్థాపింపబడెను. 1938లో మద్రాసు వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము పాత బాకీలను తగ్గించెను. విశాఖపట్టణము జిల్లా ఏటికొప్పాకలో 1933లో చెఱకు రైతులు కలసి సహకార చక్కెర ఫ్యాక్టరి పెట్టుకొనిరి. అప్పుకంటె అమ్మకములో కలసినప్పుడు రైతునకు బలము హెచ్చునని అట్టి ప్రయత్నములు చూపెను.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత ఈ ఏబదియేండ్ల కృషి తూకము వేయబడినది. 1951లో రిజర్వు బ్యాంకువారు ఏ. డి. గోర్వాలా అధ్యక్షతను నియమించిన సంఘము 75 జిల్లాలలో 600 గ్రామములను ఎన్నుకొని, 1,27,343 కుటుంబములను విచారించెను. ధనంజయరావు గాడ్గిల్, బి. వెంకటప్పయ్య అందులో సభ్యులు. 1954లో వెలువడిన నివేదికలోని లెక్క ఇది: రైతు చేసిన ప్రతి నూరు రూపాయల అప్పులో సహకార సంఘముల పాలు మూడు రూపాయల చిల్లర. ప్రభుత్వము ఇచ్చినదియు మూడు రూపాయల పైచిలుకే. వడ్డీవ్యాపారుల పాలు డెబ్బదికి ఇంచుక తక్కువ. చట్టము పుట్టి ఏబదియేండ్లయినను షావుకారు అరుగు చెక్కుచెదరలేదన్నమాట. ఓడినను సహకారము తప్ప పల్లెకు గత్యంతరము లేదని నిశ్చయించి, ఆ సంఘమువారు ప్రభుత్వమే సంఘములలో వాటాదారు కావలెనని సిఫారసు చేసిరి.

ఆ సిఫారసు వలన ధనము ప్రవహించినది. ఎరువులు, విత్తనములు పల్లెకు చేరినవి. హరిత విప్లవపు దినములలో సంఘపు గోదాము లేనిచో చిన్న రైతునకు యూరియా బస్తా దొరకుట కష్టమయ్యెడిదనుట సత్యము. కాని ధనముతోపాటు అధికారమును వచ్చెను. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సహకార సంఘముల చట్టము కార్యవర్గములను రద్దుచేసి, తమవారిని నియమించు అధికారమును ప్రభుత్వ శాఖకు ఇచ్చినది. 1987లో ఏకగవాక్ష పద్ధతి పేర సంఘములను కలిపి పెద్దవి చేసిరి. ఎన్నికలు వాయిదాపడుట, ప్రత్యేకాధికారులు వచ్చుట, ఎన్నికల ముందు బాకీల మాఫీ మాట వినబడుట పరిపాటియయ్యెను. 1990లో ఒకసారి, 2008లో ఒకసారి దేశమంతట మాఫీలు జరిగెను. కఱవుచేత చితికినవానికి అది ఊపిరి. అంతకుముందే నగలమ్మి బాకీ తీర్చినవాడు మాత్రము తనకు కలిగిన లాభమేమని అడిగిన ప్రశ్నకు సమాధానము చెప్పగలవారు లేకపోయిరి. ఎవరి ధనమో తెలియని సంఘమును ఎవరును తమదని అనుకొనరు.

ఈ ప్రవాహమునకు ఎదురీదిన సంఘమొకటి తెలంగాణములో కలదు. 1956లో కరీంనగరు జిల్లా ముల్కనూరులో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి పూనికతో, పదునాలుగు గ్రామములకు చెందిన 373 మంది సభ్యులు 2,300 రూపాయల వాటాధనముతో పరపతి సంఘమును ప్రారంభించిరి. నేడు ఆ గ్రామము హనుమకొండ జిల్లాలోనిది. అది వానమీదను బావులమీదను ఆధారపడిన మెట్టసీమ. నది లేదు, పెద్ద కాలువ లేదు. సంఘము మొదట అప్పులిచ్చినది; పిదప ఎరువులు, విత్తనములు అమ్మినది; ఆపైన సభ్యుల ధాన్యమును, ప్రత్తిని తానే కొని, మిల్లు పెట్టి, బియ్యమును, దూదిని అమ్మి, వచ్చిన మిగులును సభ్యులకే పంచినది. రైతు తన పంటను సంఘమునకే తెచ్చును గనుక అప్పు వసూలు కొఱకు వాని ఇంటికి పోవలసిన పనిలేదు. అప్పు, సరఫరా, అమ్మకము ఒకే త్రాటిపై నడచుటయే దీని కిటుకు. పొరుగు సంఘములు ఎత్తివేతకు వచ్చిన దినములలో కూడ ముల్కనూరు సంఘము తన కాళ్ళమీద నిలిచినది.

హైదరాబాదులోని సహకార అభివృద్ధి సంస్థ మొదలైనవారు ఇట్టి స్వతంత్ర సంఘములకు అనువైన చట్టము కావలెనని ఏండ్ల తరబడి కోరగా, 1995లో ఆంధ్రప్రదేశ్‌లో పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము వచ్చెను. ఈ చట్టము క్రింద సంఘము ప్రభుత్వపు వాటాధనము పుచ్చుకొనరాదు. దానికి బదులుగా ప్రభుత్వమును సంఘపు పెత్తనములో వేలు పెట్టదు. దేశములో ఇట్టి చట్టమునకు ఇదియే తొలి మార్గము. ముల్కనూరు సంఘమును దీని క్రిందికి మారినది.

ఇంతవఱకు చెప్పిన చరిత్రలో స్త్రీ కనబడదు. అప్పు పత్రముపై పురుషుడే వ్రేలిముద్ర వేసెను. పొలము పోయిన నాడు ఏడ్చినవారిలో మాత్రము ఆమెయు ఉన్నది. ఈ వెలితి తీరుట అనుకోని దారిన మొదలైనది. 1991లో నెల్లూరు జిల్లాయందు అక్షరాస్యతా ఉద్యమము నడచినది. వయోజన స్త్రీల కొఱకు తయారుచేసిన వాచకములో సారా వలన చితికిన సంసారమునకు చెందిన సీతమ్మ కథ పాఠముగా ఉండెను. దూబగుంటలో రాత్రిబడికి వచ్చిన స్త్రీలు దానిని చదివి, ఇది తమ కథయే యని గుర్తించి, 1992లో ఊరి సారా దుకాణమును మూయించిరి. వర్ధినేని రోశమ్మ పేరు నాడు ఊరూర వినబడినది. ఉద్యమము జిల్లా దాటి వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమున సారా నిషేధింపబడెను. దుకాణమునకు పోక ఇంట నిలిచిన రూపాయిని ఏమి చేయవలెనను ఆలోచన అచ్చటనే కలిగెను. దినమునకొక రూపాయి చొప్పున దాచుకొను పొదుపులక్ష్మి సంఘములు ఆ జిల్లాలో వేలకొలది పుట్టెను. వాచకము చేతబట్టినవారే పొదుపు పుస్తకమును చేతబట్టిరి. 1912 చట్టము ఆశించిన చదువరియైన సభ్యురాలు ఎనుబదేండ్లకు రాత్రిబడిలోనుండి వచ్చినది.

ముల్కనూరు పరిసరములలోను స్త్రీల పొదుపు సంఘములు తొంబదులలో బలపడెను. మొదట వారు దాచినది నెలకు కొద్ది రూపాయలే. ఆ ధనమునుండి గేదెలకు అప్పులు తీసికొనిరి. గేదెలు పెరిగినవి, పాలు పెరిగినవి, పాలకు మాత్రము సరియైన ధర లేకపోయెను. అంతట ఆ సంఘముల స్త్రీలే కలసి, రైతులు నలువదియేండ్లకు పూర్వము ధాన్యమునకు చేసినది తాము పాలకు చేయుదమని పూనుకొని, 2002లో ముల్కనూరులో స్వకృషి అను పేర పాలకేంద్రమును నడుపనారంభించిరి. ఊరూర ఉదయ సాయంత్రములందు పాలు కొలిచి, వెన్న శాతము చూచి, పోసినవారి యెదుటనే పద్దు వ్రాయుదురు. ఆ సంఘమున సభ్యులందఱును స్త్రీలే, కార్యవర్గమును వారిదే, ఏటేట సర్వసభ్య సమావేశమున చదువబడు జమాఖర్చుల లెక్కయు వారిదే.